ఎవరి మాట వినాలి?

మొన్న మాఘమాసంలో మా పెద్దమ్మ మనవరాలి పెళ్ళికని ఊరెళ్ళాను. ఫంక్షన్ హాలు సంగతి మీకు తెలిసిందే కదా. ఒక పక్క సన్నాయి మేళం, ఇంకో పక్క జనరేటరు, స్టేజి మీద మైకులో పురోహితుడు గారు, వీటన్నిటినీ మించి రెండొందల మంది చుట్టాల కబుర్లు. మా నాన్న ముప్పై ఏళ్ళు రైసుమిల్లులో పనిచేశారు. ఆ మిల్లు రొదకి రెండు చెవులూ బాగా దెబ్బతిన్నాయి. అందుకని పోయినేడు మంచి చెవి మిషన్లు కొనిపెట్టాను. ఖరీదైనవే. ఇంట్లో బాగానే పనిచేస్తున్నాయి కూడా. భోజనాల బంతిలో ఆయన పక్కనే కూర్చుని ఏదో అడిగాను. ఆయన నా మొహంలోకి చూసి, మిషన్లు రెండూ తీసి చొక్కా జేబులో పడేసుకుని, "ఒరేయ్, వీటిల్లోంచి అందరూ వినబడుతున్నార్రా, నువ్వొక్కడివే వినబడట్లేదు" అన్నారు.

అన్నది నవ్వుతూనే. కానీ ఆ తర్వాత సాయంత్రం దాకా ఆయన ఎవరితోనూ మాట్లాడలేదు. ఒక మూల కుర్చీ వేసుకుని కూర్చున్నారు. అంత మంది బంధువుల మధ్య ఒంటరిగా.

నేను ఇంజనీరింగులో ఈసీఈ. డీఎస్పీ పేపరు బొటాబొటీ మార్కులతో గట్టెక్కి, క్యాంపస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం రాగానే ఆ పుస్తకాలన్నీ జూనియర్లకి సగం ధరకి అమ్మేసిన బాపతు. ఆ రోజు రాత్రి బస్సులో తిరిగొస్తుంటే సిగ్గేసింది. ఇంట్లో పనిచేసే మిషను పెళ్ళిలో ఎందుకు పనిచేయలేదో నాకు తెలిసుండాలి కదా? తెలీదు. అక్కడ మొదలైన చదువు రెండు నెలలు పట్టింది. తీగ లాగితే డొంకంతా కదిలింది. ఆ డొంకలో ఫిరంగులున్నాయి, విమానాలున్నాయి, అణుబాంబులున్నాయి, ఆఖర్న మా నాన్న కూడా ఉన్నారు. ఆ కథే ఇది.

ముందు అసలు చిక్కేమిటో చూద్దాం. మైకు చేసే పనల్లా అది ఉన్న చోట గాలి ఒత్తిడి ఎంత మారిందో కొలవడం. క్షణానికి ఒక్క అంకె. పురోహితుడి మంత్రం, డోలు దెబ్బ, నా గొంతు అన్నీ కలిసిపోయి ఒకే అంకె అయిపోతాయి. మీకు 17 అని చెప్పి, ఇది మూడు అంకెల కూడిక, అందులో మధ్య అంకె ఎంతో చెప్పమంటే ఏం చెబుతారు? ఒంటి మైకు పరిస్థితి అదే. వాల్యూమ్ పెంచితే 17 కాస్తా 170 అవుతుంది, అంతే.

అయితే ఒక్క మైకుతో అసలేమీ చేయలేమని కాదు. 1979లో స్టీవెన్ బోల్ అనే ఆయన ఒక ఉపాయం చెప్పాడు. మనిషి మాట మధ్య ఆగినప్పుడు వినిపించేది ఉత్త రొదే కదా, దాని స్పెక్ట్రమ్‌ని కొలిచి పెట్టుకుని, మాట వచ్చినప్పుడు అంత మేర తీసేయడం. ఫ్యాను, ఏసీ లాంటి నిలకడైన చప్పుళ్ళకి ఇది బాగానే పనికొస్తుంది. కానీ రొద కూడా మాటే అయితే? అవతలి చుట్టం మాట, నా మాట ఒకే రకం ధ్వనులు, ఒకే ఫ్రీక్వెన్సీలు. ఏది తీసేయాలి?

రెండో మైకు పెడితే మాత్రం కథ మారిపోతుంది. గాల్లో శబ్దం సెకనుకి సుమారు 343 మీటర్లు పోతుంది. మన రెండు చెవుల మధ్య ఇరవై సెంటీమీటర్లు అనుకుంటే, పూర్తిగా కుడి పక్కనుంచి వచ్చే శబ్దం ఎడమ చెవికి సెకనులో వెయ్యో వంతు కన్నా తక్కువ, దాదాపు 0.6 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. ఎదురుగా ఉన్న శబ్దం రెండింటికీ ఒకేసారి చేరుతుంది. అంటే ఆలస్యంలోనే దిక్కు దాగుంది. లార్డ్ రేలీ 1907లో ఈ సంగతి సిద్ధాంతంగా రాశాడు. తక్కువ ఫ్రీక్వెన్సీల దిక్కుని మన మెదడు ఈ కాలభేదంతోనూ, ఎక్కువ ఫ్రీక్వెన్సీల దిక్కుని ఒక చెవికి తల అడ్డుపడటం వల్ల తగ్గే తీవ్రతతోనూ పట్టుకుంటుందని. మనం ప్రాజెక్టుల్లో ఆలస్యాన్ని తిట్టుకుంటాం గానీ, ఈ కథలో మొదటి నుంచి చివరి దాకా హీరో ఆలస్యమే.

ఈ హీరోని మొదట పెద్ద ఎత్తున పనిలోకి దింపింది యుద్ధం. మొదటి ప్రపంచయుద్ధంలో జర్మన్ ఫిరంగులు కొండల వెనకాల, అడవుల్లో దాక్కుని పేల్చేవి. కంటికి కనబడవు, చెవికి మాత్రం వినబడతాయి. 1915లో బ్రిటిష్ సైన్యం ఈ పని విలియం లారెన్స్ బ్రాగ్‌కి అప్పగించింది. ఎక్స్‌రేలతో స్ఫటికాల నిర్మాణం కనిపెట్టినందుకు తండ్రితో కలిసి అదే ఏడు నోబెల్ తీసుకున్నది ఈయనే. అప్పటికి పాతికేళ్ళు. అదే ఏడు ఆయన తమ్ముడు గల్లిపోలిలో గాయపడి చనిపోయాడు.

పద్ధతి ఏమిటంటే, యుద్ధరంగం వెనక వరసగా ఆరు మైకులు పెడతారు. ఫిరంగి పేలుడు ఒక్కో మైకుకి ఒక్కో సమయంలో చేరుతుంది. ఆ తేడాలన్నీ కదిలే ఫిల్ము మీద ఆరు గీతలుగా పడతాయి. తేడాల్ని బట్టి మ్యాపు మీద గీతలు గీస్తే అవి కలిసే చోట ఫిరంగి. వినడానికి తేలికే. కానీ ఒక పేచీ వచ్చింది. ఫిరంగి గుండు శబ్దం కన్నా వేగంగా పోతుంది కాబట్టి అది దారి పొడుగునా ఫెళ్ళుమని పెద్ద చప్పుడు చేస్తుంది. మామూలు మైకులు ఈ ఫెళ్ళుని బ్రహ్మాండంగా పట్టుకునేవి. అసలు ఫిరంగి నోట్లోంచి వచ్చే బరువైన 'ధమ్' మాత్రం వాటికి సరిగా ఆనేది కాదు. చూశారా, మా నాన్న బాధే. అక్కర్లేని వాళ్ళందరూ వినబడతారు, కావలసినవాడు వినబడడు.

ఆ 'ధమ్' నిజంగా ఉందని బ్రాగ్‌కి తెలిసింది మరుగుదొడ్డిలో అని చెబుతారు. బిగుతుగా మూసిన ఆ చిన్న గదిలో కూర్చున్నప్పుడు ఫిరంగి పేలితే కింది కంత లోంచి గాలి ఒత్తిడి ఆయన్ని కొద్దిగా పైకెత్తేదట. పరిష్కారం దొరికింది ఆయన బృందంలోని విలియం టక్కర్‌కి. టక్కర్ పడుకునే షెడ్డు గోడకి చిన్న చిన్న కంతలుండేవి. ఫిరంగి పేలినప్పుడల్లా వాటిలోంచి చల్లటి గాలి మొహానికి తగిలేది. ఆ ఆలోచనతో 1916లో ఒక పెట్టెకి కంత పెట్టి, దాని మీద వేడెక్కించిన సన్నటి ప్లాటినమ్ తీగ అమర్చాడు. బరువైన శబ్దం వచ్చినప్పుడు గాలి కదిలి తీగ చల్లబడుతుంది, దాని రెసిస్టెన్స్ మారుతుంది. ఫెళ్ళుమనే చప్పుడుకి తీగ అంతగా చలించదు. దాంతో అక్కర్లేని చప్పుడు పోయి, కావలసిన చప్పుడు ఆరు మైకుల్లోనూ శుభ్రంగా పడింది.

యుద్ధం అయ్యాక ఇదే టక్కర్ విమానాల మీద పడ్డాడు. ఇంగ్లండులో కెంట్ తీరాన డెంజ్ అనే చోట సముద్రం వైపు తిరిగిన పెద్ద కాంక్రీటు గిన్నెలు కట్టించాడు. చివరిది 1930లో కట్టిన 200 అడుగుల వంపు గోడ. దూరాన్నుంచి వచ్చే విమానం మోతని గోడ పోగుచేస్తే ముందున్న మైకులు పట్టుకునేవి. ఇప్పటికీ ఆ గోడలు నిలబడే ఉన్నాయి, ఫోటోలు చూడండి, వింతగా ఉంటాయి. కానీ విమానాల వేగం పెరిగిన కొద్దీ హెచ్చరికకి దొరికే సమయం తగ్గిపోయింది. 1935లో రాడార్ ప్రయోగాలు మొదలయ్యాక వీటి పని అయిపోయింది. ఆ గోడల్లో ఒక పాఠం ఉంది. కాంక్రీటు గోడ తనంతట తాను తిరగలేదు. దాని చూపు ఎటో కట్టినప్పుడే ఖాయం అయిపోతుంది. వినే దిక్కుని గోడ కదలకుండా మార్చాలంటే మైకుల మధ్య ఆలస్యాలని మార్చాలి.

ఇదే 'డిలే అండ్ సమ్'. నాలుగు మైకులున్నాయనుకోండి. నాన్న గొంతు వచ్చే దిక్కుని బట్టి ఏ మైకుకి ఎంత ఆలస్యమో లెక్కగట్టి, ముందుగా వచ్చిన వాటిని కాసేపు ఆపి, నాలుగింటినీ ఒక వరసలోకి తెచ్చి కూడతాం. నాన్న గొంతు నాలుగింతలవుతుంది. వేరే దిక్కుల నుంచి వచ్చేవి వరస తప్పి ఒకదాన్నొకటి తగ్గించుకుంటాయి. మైకు మైకుకీ సంబంధం లేని రొద అయితే మైకుల సంఖ్య రెట్టింపైన ప్రతిసారీ 3 డెసిబెల్స్ లాభం. నాలుగు మైకులకి 6. వడ్లు తూర్పారబట్టినట్టే. గింజ, పొట్టు ఒకే చేటలో ఉన్నా గాలి వాటం తెలిస్తే వేరుపడతాయి.

మరి మనుషుల మాటల సంగతి ఎవరూ ఆలోచించలేదా అంటే, ఆలోచించారు. లండన్ ఇంపీరియల్ కాలేజీకి చెందిన కోలిన్ చెర్రీ 1953లో ఒక పేపరు రాశాడు. 'కాక్‌టెయిల్ పార్టీ ప్రాబ్లమ్' అన్న పేరు దాంట్లోంచే వచ్చింది. మన భాషలో 'పెళ్ళి పందిరి ప్రాబ్లమ్' అనుకోండి. ఆయన ఒకే మనిషి చదివిన రెండు వేర్వేరు పాఠాల్ని ఒకే టేపు మీద కలిపి వినిపించాడు. విన్నవాళ్ళు టేపుని మళ్ళీ మళ్ళీ వెనక్కి తిప్పి, కళ్ళు మూసుకుని, నానా తంటాలు పడితే గానీ ఒకదాన్ని విడదీయలేకపోయారు. తర్వాత ఒక్కో పాఠాన్ని ఒక్కో చెవిలో వినిపించాడు. ఈసారి కావలసినదాన్ని ఇట్టే పట్టుకున్నారు. ఇంకా తమాషా ఏమిటంటే, పట్టించుకోని చెవిలో వచ్చే మాట ఇంగ్లీషు నుంచి జర్మన్‌కి మారినా చాలామందికి తెలియలేదు. మగ గొంతు ఆడ గొంతుగా మారితే మాత్రం తెలిసింది.

దీన్నిబట్టి సమస్యలో రెండు ముక్కలున్నాయని అర్థమవుతోంది. ఒకటి, గొంతుల్ని విడదీయడం. రెండు, వాటిలో ఎవరిని వినాలో ఎంచుకోవడం. మన మెదడు రెండూ ఒకేసారి చేసేస్తుంది కాబట్టి అవి రెండని మనకి తోచదు. ఇది గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్ళీ ఇక్కడికే వస్తాం.

ఇక ఇంజనీర్లు మొదటి ముక్క పట్టుకున్నారు, అదీ మాటల కోసం కాదు. 1950ల చివర్లో జనరల్ ఎలక్ట్రిక్‌లో పాల్ హోవెల్స్ రాడార్‌ని జామ్ చేసే సిగ్నల్స్‌ని కొట్టేయడానికి ఒక సర్క్యూట్ తయారుచేశాడు. పెద్ద యాంటెనాకి పక్కన చిన్న యాంటెనా పెట్టి, దాంట్లో దొరికిన జామింగ్‌ని తగు పాళ్ళలో తీసేయడం. ఆ 'తగు పాళ్ళు' ఎంతో సర్క్యూట్ తనే సర్దుకుంటుంది. 1960లో స్టాన్‌ఫర్డ్‌లో బెర్నార్డ్ విడ్రో, ఆయన విద్యార్థి టెడ్ హాఫ్ కలిసి ఎల్ఎంఎస్ అల్గారిథమ్ కనిపెట్టారు. తప్పు ఎంత వచ్చిందో చూసి, తూకాల్ని ఆ తప్పు తగ్గే వైపు కొంచెం కొంచెం జరుపుతూ పోవడం. ఇవాళ న్యూరల్ నెట్‌వర్క్స్ ట్రైనింగు అంటూ మనవాళ్ళు జీపీయూలు వేడెక్కిస్తున్నారే, దాని పూర్వీకుల్లో ఇదొకటి. హాఫ్ తర్వాత ఇంటెల్‌కి వెళ్ళి మొదటి మైక్రోప్రాసెసర్ తయారీలో పాలుపంచుకున్నాడు, అది వేరే కథ.

1975లో విడ్రో బృందం రాసిన పేపర్లో నాకు బాగా నచ్చిన ఉదాహరణ ఒకటుంది. గర్భంలో ఉన్న బిడ్డ గుండె చప్పుడు వినాలంటే తల్లి గుండె అడ్డొస్తుంది, అది చాలా పెద్దది. తల్లి ఛాతీ మీద పెట్టిన ఎలక్ట్రోడ్లలో ఆమె గుండె ఒక్కటే గట్టిగా వస్తుంది. పొట్ట మీద పెట్టినదాంట్లో ఇద్దరిదీ. మొదటిదాన్ని సర్ది రెండోదాంట్లోంచి తీసేస్తే బిడ్డ గుండె మిగులుతుంది. అదే పేపర్లో రొదగా ఉన్న గదిలో మాటని ఇదే పద్ధతిలో శుభ్రం చేయడం కూడా చూపించారు.

ఇప్పుడు బాంబుల దగ్గరికొద్దాం. 1963లో అమెరికా, సోవియట్ యూనియన్, బ్రిటన్ ఒక ఒప్పందం చేసుకున్నాయి. గాల్లో, నీళ్ళలో, అంతరిక్షంలో అణుపరీక్షలు చేయకూడదని. భూగర్భంలో మాత్రం చేసుకోవచ్చు. మరి వాళ్ళు భూమి లోపల పేల్చారా, లేక అది మామూలు భూకంపమా తెలిసేదెలా? 1965లో అమెరికా మోంటానా రాష్ట్రంలో సుమారు 200 కిలోమీటర్ల మేర 525 భూకంప మాపకాల్ని పాతిపెట్టింది. ఒక రకంగా చెప్పాలంటే నేలలో పాతిన 525 మైకులు. ఆ డేటాతో కుస్తీపడుతూ ఎంఐటీ లింకన్ ల్యాబ్‌లో జాక్ కేపన్ 1969లో ఒక సూత్రం ప్రకటించాడు. మాటల్లో చెబితే ఇంతే: నాక్కావలసిన దిక్కు నుంచి వచ్చేదాన్ని ముట్టుకోకు. ఆ షరతు తప్పకుండా, మిగతా మొత్తం పవర్‌ని ఎంత తగ్గించగలిగితే అంత తగ్గించు.

రెండు వాక్యాలు. రొద ఎటు నుంచి వస్తోందో ముందుగా చెప్పక్కర్లేదు, డేటా చూసి అదే తెలుసుకుంటుంది. ఎంవీడీఆర్ అనే పేరుతో ఇది పుస్తకాల్లోకెక్కింది. 1972లో ఫ్రాస్ట్ ఇలాంటి షరతునే ఎల్ఎంఎస్ పద్ధతిలో, నడుస్తున్న డేటా మీద పనిచేసేలా రాశాడు. 1982లో గ్రిఫిత్స్, జిమ్ దాన్ని ఇంకా సులువు చేశారు. పై దారిలో మైకులన్నీ కూడటం. కింది దారిలో పక్కపక్క మైకుల్ని ఒకదాంట్లోంచి ఒకటి తీసేయడం, దాంతో కావలసిన గొంతు మాయమై రొద మాత్రం మిగులుతుంది. ఆ రొదని సర్ది పైదాంట్లోంచి తీసేయడం. గర్భంలో బిడ్డ గుండె లెక్కే మళ్ళీ.

అయితే సమస్య తీరిపోయినట్టేనా? ఇక్కడే గది అడ్డం పడింది. రాడార్ ఇంజనీరు పని చేసేది సన్నటి ఫ్రీక్వెన్సీ పట్టీలో. మనిషి మాట 100 హెర్ట్జ్ నుంచి 8000 దాకా పరుచుకుని ఉంటుంది. 100 హెర్ట్జ్ దగ్గర ఒక అల పొడవు దాదాపు మూడున్నర మీటర్లు. పది సెంటీమీటర్ల పరికరానికి అంత పెద్ద అల ఎటు నుంచి వచ్చినా ఒకటే. అటు 4000 హెర్ట్జ్ దగ్గర అల పొడవు ఎనిమిదిన్నర సెంటీమీటర్లు. మైకుల మధ్య దూరం అందులో సగానికి మించితే ఒక దిక్కుని ఇంకో దిక్కుగా పొరబడుతుంది. మైకులు దూరంగా ఉండాలి, దగ్గరగానూ ఉండాలి. క్లయింట్ రిక్వైర్‌మెంట్ లాగా లేదూ?

దీన్ని మించినది ప్రతిధ్వని. నా మాట నేరుగా మైకుకి చేరుతుంది, గోడకి కొట్టుకుని ఇంకో దిక్కు నుంచి కూడా చేరుతుంది. అల్గారిథమ్ ఏమనుకుంటుంది? 'వేరే దిక్కు నుంచి వచ్చింది, అంటే రొద' అనుకుని, దాన్ని తీసేస్తూ తీసేస్తూ నా అసలు మాటని కూడా చంపేస్తుంది. మోంటానా మైదానంలో లేని బాధ ఇది. నేనూ ఒక ఆదివారం నాలుగు మైకుల బోర్డు కొనుక్కొచ్చి నలభై లైన్ల పైథాన్ రాసి చూశాను. 16 కిలోహెర్ట్జ్ శాంప్లింగులో ఒక్క శాంపిల్ అంటే శబ్దం నడిచే రెండు సెంటీమీటర్లు, అంతటి నాజూకు లెక్క. మేడ మీద బాగానే వచ్చింది. గోడలన్నీ బోసిగా ఉన్న నా గదిలోకి తెచ్చేసరికి బావిలోంచి మాట్లాడినట్టు వచ్చింది.

గదుల్ని మొదటగా గట్టిగా పట్టుకున్నది బెల్ ల్యాబ్స్ వాళ్ళు. 1962లో అక్కడే గెర్హార్డ్ సెస్లర్, జేమ్స్ వెస్ట్ ఎలక్ట్రెట్ మైకు కనిపెట్టారు. చిన్నది, చవక, నమ్మకమైనది. మైకు చవకైతేనే కదా డజన్ల కొద్దీ పెట్టేది! 1985లో జేమ్స్ ఫ్లానగన్ బృందం పెద్ద హాళ్ళ కోసం కంప్యూటర్ తిప్పే మైకుల వరసని ప్రకటించింది. హాల్లో ఎవరు లేచి మాట్లాడితే వినే దిక్కు అటు తిరుగుతుంది, ఏ వస్తువూ కదలకుండా. డెంజ్ గోడ చేయలేని పని. 2004లో ఎంఐటీ వాళ్ళు ఏకంగా 1020 మైకులతో ఒకటి కట్టారు.

ఈ కథలో మనవాళ్ళ చెయ్యి కూడా ఉంది. ఆంధ్రా యూనివర్సిటీలో బీఎస్సీ చదివి, బెంగుళూరు ఐఐఎస్సీలో ఇంజనీరింగు, పీహెచ్‌డీ చేసి, ఐఐటీ మద్రాసులోనూ తర్వాత హైదరాబాద్ ట్రిపుల్ఐటీలోనూ స్పీచ్ మీద పనిచేసిన బయ్యా యెజ్ఞనారాయణ గారు, సహచరులతో కలిసి 2005లో ప్రతిధ్వని ఉన్న గదిలో మైకుల మధ్య ఆలస్యాన్ని కనుక్కునే పేపరు రాశారు. మనం అచ్చు పలికినప్పుడు స్వరతంత్రులు టపటపా మూసుకుంటూ ఉంటాయి, మూసుకున్న ప్రతి క్షణం ఒక బలమైన తాకిడి. ఆ తాకిడికీ తాకిడికీ మధ్య ఎడం ఏ మైకులో చూసినా ఒకటే. గోడల ప్రతిధ్వనులు మాత్రం ఒక్కో మైకులో ఒక్కోలా పడతాయి. కాబట్టి మొత్తం శబ్దాన్ని పోల్చకుండా ఆ తాకిళ్ళనే పోల్చమన్నారు. గదితో కుస్తీపట్టకుండా గొంతు ఎలా పుడుతుందో చూడటం. నేను అమ్మేసిన పుస్తకాల వెనక ఇంత ఉందని అప్పుడు ఎవరైనా చెబితే బాగుండేది. బహుశా చెప్పే ఉంటారు, నేనే వినలేదు.

అక్కణ్ణుంచి మనకి తెలిసిన కథే. 2010లో వచ్చి 2017లో తయారీ ఆగిపోయిన కినెక్ట్‌లో నాలుగు మైకులు. 2014లో వచ్చిన మొదటి అమెజాన్ ఎకోలో ఏడు, చుట్టూ ఆరు, మధ్యలో ఒకటి. 2015లో చైమ్-3 అని ఒక పోటీ జరిగింది. ఆరు మైకుల టాబ్లెట్ పట్టుకుని బస్సులో, కాఫీ హోటల్లో, కాలిబాట జనంలో, రోడ్డు కూడలిలో మాట్లాడితే ఎన్ని పదాలు తప్పు రాస్తుందో చూడటం. నిర్వాహకులు ఇచ్చిన సిస్టమ్ నూటికి 33 పైగా తప్పులు చేస్తే, గెలిచిన జపాన్ ఎన్‌టీటీ బృందం 6 కన్నా తక్కువకి తెచ్చింది. వాళ్ళ సిస్టమ్‌లో డీప్ న్యూరల్ నెట్‌వర్క్స్ ఉన్నాయి. కానీ మైకుల్ని కలిపే చోట కూర్చున్నది మాత్రం ఎంవీడీఆర్. అణుబాంబుల కోసం 1969లో రాసిన అదే షరతు. ఏ క్షణంలో ఏ ఫ్రీక్వెన్సీలో మాట ఉంది, ఎక్కడ రొద ఉంది అన్నది స్టాటిస్టిక్స్‌తో లెక్కగట్టి ఆ సూత్రానికి అందించారు. కొత్త లైబ్రరీ పాత ఫంక్షన్‌ని పిలిచినట్టన్నమాట.

సరే, మరి మా నాన్న సంగతి?

చెవి మిషన్లలో 1970ల నుంచీ దిక్కుని పట్టించుకునే మైకులు వాడుతున్నారు. మొదట్లో ఒకే మైకుకి ముందూ వెనకా రెండు కంతలు, తర్వాత రెండు వేరే మైకులు. నాన్న మిషనులో ఆ రెండింటి మధ్య దూరం సుమారు ఒక సెంటీమీటరు. వెనకనుంచి వచ్చే శబ్దం వెనక మైకుకి ముందు తగిలి, సెకనులో పది లక్షల వంతులు ఒక 29 గడిచాక ముందు మైకుకి తగులుతుంది. వెనక మైకు సిగ్నల్‌ని సరిగ్గా అంతసేపు ఆపి ముందుదాంట్లోంచి తీసేస్తే వెనక శబ్దం సున్నా. ఆ ఆపే సమయాన్ని మారిస్తే ఆ సున్నా పక్కలకి జరుగుతుంది. రొద ఎక్కువైన చోట మిషను తనంతట తానే ఈ పద్ధతిలోకి మారి, ముందున్నది ఉంచి, పక్కలవీ వెనకవీ తగ్గించేస్తుంది. ఇంట్లో రొద లేదు కాబట్టి మారదు, అన్ని దిక్కులా వింటుంది.

ఇది చదివిన రోజు ఫంక్షన్ హాలు కళ్ళముందు కదిలింది. భోజనాల బంతి. ఎదురు వరసలో చుట్టాలు. నేను ఎక్కడ కూర్చున్నాను? ఆయన పక్కన.

మిషను తన పని తను చక్కగా చేసింది. ఎదురుగా ఉన్న వాళ్ళందరినీ వినిపించింది. పక్కనున్నవాణ్ణి రొద అనుకుని కొట్టేసింది. 'అందరూ వినబడుతున్నారు, నువ్వొక్కడివే వినబడట్లేదు' అన్నది చాదస్తం కాదు, ఖచ్చితమైన బగ్ రిపోర్టు. నేనే సరిగా చదవలేదు.

చెర్రీ చెప్పిన రెండో ముక్క ఇదే. దిక్కుల్ని విడదీయడం వందేళ్ళలో నేర్చుకున్నాం. కానీ ఎవరిని వినాలన్నది మైకులో ఉండదు, వినేవాడి మనసులో ఉంటుంది. అది తెలియక ప్రతి పరికరమూ ఏదో ఒకటి ఊహించేసుకుంటుంది. ఎకో తన పేరు పిలిచినవాడే కావలసినవాడనుకుంటుంది. ఫ్లానగన్ హాలు లేచి మాట్లాడినవాడే అనుకుంటుంది. చెవి మిషను ఎదురుగా ఉన్నవాడే అనుకుంటుంది. 2012లో నిమా మెస్గరాని, ఎడ్వర్డ్ చాంగ్ మూర్ఛ రోగుల మెదడు మీద ఎలక్ట్రోడ్లతో ఒక సంగతి చూపించారు. రెండు గొంతులు కలిపి వినిపించినా, మనిషి మనసు పెట్టిన గొంతే మెదడు సిగ్నల్స్‌లో స్పష్టంగా కనిపిస్తుందని. అప్పట్నుంచీ మెదడుని అడిగి మైకుల్ని తిప్పాలనే ప్రయత్నాలు సాగుతున్నాయి. మా నాన్నకి అందేసరికి ఎన్నేళ్ళు పడుతుందో.

ఈలోగా నేను చేసింది రెండు పనులు. ఆడియాలజిస్టు దగ్గరికి తీసుకెళ్ళి, రొదలో కూడా అన్ని దిక్కులా వినే ప్రోగ్రామ్ ఒకటి అదనంగా పెట్టించి, బటన్ ఎలా నొక్కాలో నాన్నకి నేర్పించాను. రెండోది ఇంకా చవక. మొన్న మా బాబాయి మనవడి అన్నప్రాశనకి వెళ్ళినప్పుడు బంతిలో ఆయన పక్కన కూర్చోలేదు. ఎదురు వరసలో, సరిగ్గా ఆయనకి ఎదురుగా కూర్చున్నాను. "నాన్నా, పప్పు ఎలా ఉంది?" అన్నాను మామూలు గొంతుతోనే.

"ఉప్పు తక్కువైందిరా" అన్నారు. మిషన్లు చెవులకే ఉన్నాయి.

మీ ఇంట్లో కూడా చెవి మిషను డ్రాయరులో పడేసిన పెద్దవాళ్ళుంటే, 'అలవాటు చేసుకోవాలి' అని విసుక్కునే ముందు ఒక్కసారి వాళ్ళకి ఎదురుగా కూర్చుని మాట్లాడి చూడండి. ఏం జరిగిందో నాకూ చెప్పండి.